పదిహేను ఫొటోలు చాలు: కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు పోర్ట్‌ఫోలియో మార్గదర్శి

బాగా వచ్చిన ఫొటోలన్నీ ఒకచోట పెడితే అది ఆల్బమ్ అవుతుంది, పోర్ట్‌ఫోలియో కాదు. పోర్ట్‌ఫోలియో అంటే సీటు కోసమో పని కోసమో చూపించడానికి ఏరి పెట్టుకున్న ఫొటోల కట్ట. దాన్ని చూసేవాళ్లకు కావాల్సింది ఒక్క ప్రశ్నకు జవాబు: ఈ పిల్లకో పిల్లాడికో ఒక పని అప్పగిస్తే, వెలుతురు బాగున్నా బాగోకపోయినా, ఫొటోలు తెచ్చి ఇస్తారా? సూర్యాస్తమయం ఫొటో ఒకటి అందంగా రావడం అదృష్టం కావచ్చు. ఒకే ఇంట్లో, అవే మనుషుల మధ్య మూడు నెలలు తిరిగి తెచ్చిన ఎనిమిది ఫొటోలు బాగుంటే అది అదృష్టం కాదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి ఒక్కటే. దగ్గర్లో ఉన్న ఒక విషయాన్ని పట్టుకుని మూడు నెలలు తీయాలి. తీసినదాంట్లో నూటికి తొంభై తొమ్మిది పక్కన పెట్టాలి.

చేతిలో ఒక ఫోనో, సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆరో ఉండి, ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ మెట్లు రాశాం.

మొదటి మెట్టు: ఎవరికి చూపిస్తారో తేల్చుకోండి

ఒకే ఫొటోల కట్టను అందరికీ చూపించడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. చూసేవాళ్లు మారితే ఎంపిక మారాలి.

కాలేజీలో సీటు కోసమైతే, ఉదాహరణకు హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) లాంటి కోర్సును తలపెట్టుకుంటే, మీరు ఎలా చూస్తారు, ఎలా ఆలోచిస్తారు అన్నదే ముఖ్యం. సాంకేతికంగా చిన్న లోపాలున్నా ఫర్వాలేదు. ఒక విషయంపై నిలకడగా చేసిన పని కనిపించాలి. ఏ సంస్థకు పంపినా ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి. ప్రవేశ పరీక్ష ఉందా, పోర్ట్‌ఫోలియో అడుగుతున్నారా, అడిగితే ఎన్ని ఫొటోలు, ఏ సైజులో అన్నది అందులోనే ఉంటుంది. పది అడిగితే పదే ఇవ్వండి, పదకొండోది వద్దు.

పెళ్లిళ్ల స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరాలంటే వాళ్లు చూసేది వేరు: జనం మధ్య ఫోకస్ తప్పకుండా తీయగలరా, చర్మం రంగు సరిగ్గా వస్తుందా, క్షణం దొరికిందా. ఇక పత్రిక కోసమో స్వచ్ఛంద సంస్థ కోసమో అయితే ఫొటో కింద రాసిన వివరం కూడా పరీక్షలో భాగమే.

ఈ మూడింటికీ పనికొచ్చే అమరిక ఒకటుంది. మొత్తం 15 ఫొటోల్లో ఒకే విషయంపై వరసగా 8, మనుషుల ముఖచిత్రాలు 4, విడి ఫొటోలు 3. కాలేజీకి పంపేటప్పుడు వరసను 10 చేసి విడివి తగ్గించండి. స్టూడియోకి వెళ్లేటప్పుడు వరసను నాలుగైదుకి తగ్గించి, విడి ఫొటోల స్థానంలో ఫంక్షన్ల ఫొటోలు ఒక ఆరేడు చేర్చండి.

పరికరాల గురించి నాలుగు మాటలు

కొత్త కెమెరా కొనేదాకా ఆగక్కర్లేదు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో అంటే 4000 × 3000 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 13 × 10 అంగుళాల ప్రింట్‌కి అది సరిపోతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే దాంతో వచ్చే 18–55 లెన్స్ చాలు. డబ్బు మిగిలితే 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి పాతది కొనుక్కోండి. ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది కాబట్టి, చీకటి గదుల్లో దాని విలువ తెలుస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు నాలుగు పనులు చేయాలి. బ్యూటీ ఫిల్టర్ పూర్తిగా ఆపేయాలి, లేకపోతే ముసలమ్మ ముఖం కూడా మైనపు బొమ్మలా వస్తుంది. వేళ్లతో స్క్రీన్ లాగి జూమ్ చేయకూడదు, రెండడుగులు ముందుకు వేయాలి. ముఖచిత్రాన్ని రెండడుగుల దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కనీసం నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, ఫోన్‌లో విడిగా 2 రెట్ల లెన్స్ ఉంటే అది వాడాలి, లేకపోతే తర్వాత అంచులు కత్తిరించుకోవాలి. నాలుగోది అందరూ మరిచిపోయేది: తీసేముందు లెన్స్‌ను మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి. జేబులో, చేతుల్లో తిరిగిన ఫోన్ లెన్స్‌కి జిడ్డు అంటుతుంది. ఆ జిడ్డు వల్లే దీపాల చుట్టూ పొగమంచులాంటి వెలుగు వస్తుంది. చాలామంది అది కెమెరా లోపమనుకుంటారు.

రెండో మెట్టు: విషయాన్ని ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడితే మూడు నెలలూ వృథా అవుతాయి. విషయానికి మూడు పరీక్షలు పెట్టండి. వారానికి రెండుసార్లు, అరగంటలో అక్కడికి చేరగలరా? అక్కడ మనుషులు చేతులతో చేసే పని ఏదైనా ఉందా? మీకు అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? మూడింటికీ అవునంటేనే మొదలుపెట్టండి.

ఊరి సంత, చేపల రేవు, ఇస్త్రీ బండి, సైకిల్ రిపేరు షాపు, అమ్మమ్మ వంటిల్లు, మిరపకాయల కళ్లం, కడియం చుట్టుపక్కలవాళ్లకు నర్సరీలు, కొండపల్లిలో పొణికి కర్ర చెక్కే ఇళ్లు, ఏటికొప్పాకలో అంకుడు కర్రపై లక్క రంగులు పట్టించే లేతులు. ఏదైనా సరే. దూరప్రాంతం ఫొటోలు గొప్పగా ఉంటాయన్న భ్రమ వదిలేయండి. ఒక్కరోజు వెళ్లి తీసినవాటిలో అందరూ చూసేదే మీరూ చూస్తారు. పదిసార్లు వెళ్లినచోట పదకొండోసారి, అప్పటిదాకా కనబడనిది కనబడుతుంది.

ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ పెట్టుకుందాం: భూదాన్ పోచంపల్లి పరిసరాల్లో ఒక చేనేత ఇల్లు. అక్కడ పని ఒక క్రమంలో సాగుతుంది. నూలును ఆసు అనే మేకుల చట్రంపై పోస్తారు, డిజైన్ ప్రకారం చిటికి కడతారు (అంటే రంగు అంటకూడనిచోట నూలును బిగించి కడతారు), రంగు అద్దుతారు, కండెలు చుడతారు, చివరికి గుంట మగ్గంపై నేస్తారు. ఈ క్రమం తెలియకుండా వెళ్లినవాళ్లు మగ్గం ముందు కూర్చున్న మనిషిని ఒక్కణ్నే తీసుకుని తిరిగొస్తారు. తెలిసి వెళ్తే ఐదు దశలు, ఐదు రకాల వెలుతురు, ఇంట్లో అందరి చేతులు దొరుకుతాయి. ఏ విషయమైనా సరే, కెమెరా తీయకముందు ఒక పూట కూర్చుని పని క్రమం నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్కే తర్వాత వివరాలు రాయడానికి ఆధారం.

మూడో మెట్టు: అనుమతి

మొదటిరోజు కెమెరా సంచిలోనే ఉండాలి. ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ చూపిస్తారో నేరుగా చెప్పండి: “పెద్దమ్మా, నేను ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నా. మీ పనిమీద మూడు నెలలు ఫొటోలు తీసి కాలేజీకి చూపిస్తా. మీకు నచ్చనిది ఏదీ బయట పెట్టను.” ఆ చివరి మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. ఫొటోలు తీయడం మొదలుపెట్టాక, తర్వాతిసారి వెళ్లేటప్పుడు ముందుసారి తీసినవాటిలో రెండు మూడు ప్రింట్లు తీసుకెళ్లి ఇవ్వండి. అంతకుమించిన పరిచయపత్రం లేదు. చాలా ఇళ్లలో ఫోన్‌లో వందల ఫొటోలు ఉంటాయి, కాగితం మీద ఒక్కటీ ఉండదు.

చిన్నపిల్లల ఫొటోలకు తల్లినో తండ్రినో అడగాలి, పిల్లలు నవ్వుతూ నిలబడ్డారు కదా అని సరిపెట్టుకోకూడదు. పోర్ట్‌ఫోలియోలోకి తీసుకునే ముఖచిత్రాలకు ఒక కాగితంపై పేరు, తేదీ, ఎక్కడ వాడతారో తెలుగులో రాసి సంతకం పెట్టించుకోండి. నాలుగు వాక్యాలు చాలు.

గోల్కొండ, లేపాక్షి వంటి పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో పట్టుకుని తీయడానికీ, ట్రైపాడ్ పెట్టి తీయడానికీ నియమాలు వేరు. ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. గుడుల్లో గర్భాలయం వైపు కెమెరా ఎత్తకముందు అక్కడివాళ్లను అడగండి.

నాలుగో మెట్టు: మూడు నెలల చిత్రీకరణ

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి గంటన్నర. అలా 12 వారాలు తిరిగితే సుమారు 1500 నుంచి 2000 ఫ్రేములు వస్తాయి. అంతకన్నా ఎక్కువ వస్తుంటే ఆలోచించకుండా నొక్కుతున్నారని అర్థం.

మొదటి మూడు వారాలు అన్నీ తీయండి, దేనికీ వెనకాడొద్దు. ఆ రోజుల్లో తీసినవి దాదాపు అన్నీ పోతాయి, కానీ ఆ ఇంటివాళ్లు మీకు అలవాటుపడేది ఆ రోజుల్లోనే. నాలుగో వారంనుంచి నోట్‌బుక్‌లో ఒక పట్టిక పెట్టుకోండి: చోటు మొత్తం కనిపించే దూరపు ఫొటో, మనిషి పనిలో ఉన్నది, చేతుల దగ్గరి ఫొటో, పనిముట్టు, ముఖచిత్రం, ఇద్దరి మధ్య జరిగేది, పని ఆగిన క్షణం, పని పూర్తయిన వస్తువు. ఏ గడి ఖాళీగా ఉందో చూసుకుని తర్వాతిసారి దానికోసమే వెళ్లండి. కొత్తవాళ్లకు దాదాపు ఎప్పుడూ ఖాళీగా మిగిలేవి రెండు: దూరపు ఫొటో, పని ఆగిన క్షణం. దూరపు ఫొటోలో సామాను అడ్డం వస్తుందని తీయరు. ఆ సామానే ఆ ఇల్లు ఎవరిదో చెబుతుంది. పని ఆగినప్పుడు టీ తాగుతూ, వీపు నిమురుకుంటూ, మనవరాలి జడ వేస్తూ ఉన్న మనిషి కనిపిస్తారు. సరిగ్గా అప్పుడే చాలామంది కెమెరా సంచిలో పెట్టేస్తారు.

వెలుతురు విషయం కాస్త నిదానంగా చూద్దాం. మన ప్రాంతంలో ఉదయం తొమ్మిది దాటాక ఆరుబయట ఎండ నెత్తిమీదకొచ్చి కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. బయటి ఫొటోలు సూర్యోదయం నుంచి ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోండి. మధ్యాహ్నం వ్యర్థం కాదు: అప్పుడు ఇంట్లోకి వెళ్లండి. బయట ఎంత ఎండ ఉంటే కిటికీ గుండా, గుమ్మం గుండా లోపలికి అంత మంచి మెత్తటి వెలుతురు వస్తుంది. మనిషి కిటికీకి పక్కగా ఉండాలి, మీరు కిటికీకి వీపు పెట్టీ కాదు, ఎదురుగానూ కాదు, గోడ వెంట నిలబడాలి. అప్పుడు ముఖంలో సగం వెలుగు, సగం నీడ వచ్చి రూపం తెలుస్తుంది. నీడ మరీ నల్లగా ఉంటే తెల్ల థర్మోకోల్ షీటో, ఉతికిన తెల్ల పంచెనో రెండోవైపు పట్టించండి.

గదిలో పగటి వెలుతురుతో పాటు బల్బు వెలుగుతుంటే ముఖం ఒకవైపు నీలంగా, రెండోవైపు పసుపుగా వస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం. పనికి ఇబ్బంది లేకపోతే బల్బు ఆపమని అడగండి. ఆపలేకపోతే ఆ బల్బు వెలుగు ముఖం మీద పడని కోణానికి మారండి. ఆకుపచ్చ గోడ, నీలం టార్పాలిన్ కూడా పక్కనున్నవాళ్ల ముఖాలకు తమ రంగు పూస్తాయి. కంటికి అలవాటై కనబడదు, ఫొటోలో బయటపడుతుంది.

ఎల్‌ఈడీ బల్బుల కింద ఫొటో అంతటా అడ్డంగా నల్లచారలు వస్తే భయపడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ వేగం (షట్టర్ సెకనులో ఎన్నో వంతు సేపు తెరుచుకోవాలన్నది) 1/50 కానీ 1/100 కానీ పెడితే చాలావరకు చారలు పోతాయి. 1/500 పెడితే మళ్లీ వస్తాయి.

మగ్గం గదికి పనికొచ్చే మొదటి సెట్టింగులు: 50 ఎం.ఎం. లెన్స్‌తో ఎఫ్ 2.8, షట్టర్ 1/100, ఐఎస్‌ఓ (దొరికిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600. కెమెరాతో వచ్చే 18–55 లెన్స్‌తో 18 ఎం.ఎం. దగ్గర ఎఫ్ 3.5, 1/60, ఐఎస్‌ఓ 3200. అక్కణ్నుంచి తెరమీద చూసి పెంచడం, తగ్గించడం. ఐఎస్‌ఓ పెంచితే ఫొటోలో ఇసుక చల్లినట్టు వచ్చే గింజలకు భయపడి షట్టర్‌ను 1/20కి దించడం పెద్ద తప్పు. గింజలున్న ఫొటో ప్రింట్‌లో బాగానే ఉంటుంది, చెయ్యి ఊగి అలికినట్టయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు. నేసే చేతి కదలిక, నాడె (పేక దారంతో అటూఇటూ పరుగెత్తే పనిముట్టు) పరుగు అలికినట్టు కనబడాలని కోరుకుంటే 1/15 పెట్టి, కెమెరాను స్టూలు మీదో గోడకో ఆనించి ఇరవై ముప్పై తీయండి. మనిషి ముఖం కదలకుండా చేతులు మాత్రమే కదిలిన ఫ్రేము ఒకటో రెండో దొరుకుతాయి. నిశ్చలంగా కావాలంటే 1/500 దాకా వెళ్లాలి, దానికి గుమ్మం దగ్గరి వెలుతురు కావాలి.

డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు ‘రా’లో, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే పూర్తి ఫైలుగా తీయండి. ఫోన్‌లో ప్రో మోడ్‌లో ఆ సౌకర్యం ఉంటే ముఖ్యమైనవాటికి వాడండి. ఫోకస్ ఎప్పుడూ దగ్గరగా ఉన్న కన్నుపై.

పెళ్లిళ్ల వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ మూడు నెలల్లోనే బంధువుల ఫంక్షన్లు ఒక మూడు నాలుగు తీయాలి. అసలు ఫొటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడి, వాళ్ల ఫ్రేములో పడకుండా పక్కనుంచి తీయండి. జీలకర్ర బెల్లం వేళ వేదిక చుట్టూ పెద్దలు మూగుతారు, అప్పుడు ముందుకు తోసుకెళ్లడం కన్నా, వేదిక పక్కన కాస్త ఎత్తులో ముందే చోటు చూసుకోవడం నయం. తలంబ్రాలకు కనీసం 1/500. అప్పగింతలప్పుడు ఫ్లాష్ వాడొద్దు. మెరుపు పడితే ఏడుస్తున్నవాళ్లు సర్దుకుంటారు, ఆ క్షణం మీవల్లే పోతుంది.

అదే రాత్రి చేయాల్సిన పని

ఇంటికి రాగానే ఫొటోలు కాపీ చేయాలి, రేపు కాదు. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒకటి పోర్టబుల్ హార్డ్‌డిస్కులో, మూడోది ఇంటి బయట, అంటే క్లౌడ్‌లోనో స్నేహితుడి దగ్గరో. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు ఒక్కొక్కటి 25–30 ఎంబీ ఉంటుంది కాబట్టి 2000 ఫ్రేములకు 60 జీబీ దాకా కావాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ దానికి చాలదు, అందులో ఏరినవి మాత్రమే పెట్టండి. ఫోల్డర్‌కి తేదీ ముందు, చోటు తర్వాత పేరు పెట్టండి: “2025-08-14-మగ్గం”. కార్డును కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, అదీ రెండు ప్రతులు తెరిచి చూసుకున్నాకే. వాట్సాప్‌లో ఫొటోగా పంపినదాన్ని ఎప్పుడూ అసలు ప్రతిగా దాచుకోవద్దు. అది పిక్సెళ్లను కుదించేస్తుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఐదో మెట్టు: వడపోత

ఫొటోగ్రాఫర్లను తయారుచేసేది ఇదే. తీయడం కన్నా ఇది కష్టం, ఎందుకంటే తీసినప్పటి శ్రమ మనకు గుర్తుంటుంది, చూసేవాళ్లకు తెలియదు. వానలో మూడు గంటలు నిలబడి తీశానన్నది ఫొటోలో కనబడదు.

తీసిన రోజే ఏరొద్దు. కనీసం మూడు రోజులు ఆగండి. మొదటి విడతలో ఒక్కోదానికి రెండు సెకన్లకు మించి ఇవ్వకుండా, ఫోకస్ తప్పినవి, కళ్లు మూసుకున్నవి, అచ్చం ఒకేలా ఉన్నవి పక్కన పెట్టండి. చెరిపేయకండి, పక్కన పెట్టండి. 2000 కాస్తా 200 అవ్వాలి. రెండో విడత వారం తర్వాత, ఈసారి స్క్రీన్ మీద ఫొటోలను తపాలా బిళ్లంత చిన్నవిగా చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నా కంటిని ఆపేది ఏదో అదే నిలబడుతుంది. అరవై మిగలాలి.

ఆ అరవైని ల్యాబ్‌లో 4 × 6 సైజులో ప్రింట్ తీయించండి. ఒక్కో ప్రింట్‌కి అయ్యేది టీ ఖరీదుకి కాస్త అటూ ఇటూ. మూడు నెలల్లో మీరు పెట్టే ఖర్చుల్లో దీనికన్నా ఉపయోగపడేది ఉండదు. ప్రింట్లన్నీ నేలమీద పరిచి, నిలబడి చూడండి. స్క్రీన్‌పై ఒక్కొక్కటిగా చూస్తే ప్రతిదీ బాగుంటుంది. నేలమీద పక్కపక్కన పడగానే, ఒకే కోణంలో పదకొండు తీశామని, అందరూ ఫ్రేము మధ్యలోనే ఉన్నారని, ఒక్కదాంట్లోనూ ఇంటి బయటి వెలుగు లేదని ఇట్టే తెలిసిపోతుంది. అలా తెలిసిందాన్ని రాసుకుని, మిగిలిన వారాల్లో దానికోసం వెళ్లాలి. అందుకే ఈ ప్రింట్లు పన్నెండో వారంలో కాదు, ఎనిమిదో వారంలోనే ఒకసారి తీయించాలి.

ఒకే సంగతి చెప్పే ఫొటోలు రెండుంటే ఒకటి పోవాలి. రెండూ ఇష్టమైనా సరే. చూసేవాళ్లు మీ పోర్ట్‌ఫోలియోను కొలిచేది అందులోని బలహీనమైన ఫొటోతోనే. ఆ ఫొటోను ఎందుకు పెట్టారో అర్థంకాక, మంచిది కూడా పొరపాటున వచ్చిందేమో అనుకుంటారు.

ఇద్దరిని పిలవండి. ఒకరు ఫొటోలు తెలిసినవాళ్లు, ఒకరు తెలియనివాళ్లు. “ఎలా ఉన్నాయి?” అని అడిగితే “బాగున్నాయిరా” అంటారు, దాంతో పని జరగదు. తెలిసినవాళ్లను “ఏ ఐదు తీసేయాలి?” అని అడగండి. తెలియనివాళ్లను “ఇందులో ఏం జరుగుతోంది?” అని అడిగి నోరు మూసుకుని వినండి. వాళ్లు చెప్పిందానికీ మీరు చూపాలనుకున్నదానికీ పొంతన లేకపోతే ఆ ఫొటో ఎంత అందంగా ఉన్నా పని చేయడం లేదు.

కొన్ని రకాలు దాదాపు ప్రతి కొత్త పోర్ట్‌ఫోలియోలో ఉంటాయి, వాటిని ఏరేయడం మంచిది. సూర్యుణ్ని అరచేతిలో పట్టుకున్నట్టున్నవి, నలుపు తెలుపులో ఒక్క ఎర్ర గులాబీకే రంగు ఉంచినవి, పూలమీద నీటిబొట్లు. ఇవి చెడ్డవని కాదు, వాటిని తీసింది మీరేనని చెప్పే గుర్తు వాటిలో ఉండదు. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్లు, చెయ్యి చాచిన పిల్లలు వేరే సంగతి. వాళ్లను అడగకుండా తీశారని చూడగానే తెలుస్తుంది. పేదరికం మీద ఫొటో తీయాలంటే ముందు ఆ మనిషి పేరు మీకు తెలియాలి.

ఆరో మెట్టు: వరస

పదిహేను తేలాక వాటి క్రమం. బలమైనది మొదట, గుర్తుండిపోయేది చివర. ఈ రెండింటినీ ముందు తేల్చి మిగతావి మధ్యలో నింపండి. మగ్గం ఉదాహరణలో మొదటిది కిటికీ వెలుతురులో చిటికి కడుతున్న చేతులూ ముఖమూ కలిసినది కావచ్చు. చివరిది నేత పూర్తయి మగ్గం ఖాళీగా ఉన్న గది కావచ్చు. పని జరిగే క్రమంలోనే పెట్టాలని లేదు. అలా పెడితే పాఠ్యపుస్తకంలా తయారవుతుంది. దూరం, దగ్గర, మధ్య అన్న లయ మారుతూ ఉండాలి. దగ్గరి చేతుల ఫొటోలు రెండు పక్కపక్కన రాకూడదు. అదే ముఖం వెంటవెంటనే కనబడకూడదు. పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య ఏదో ఒక లంకె, ఒక రంగో, ఆకారమో, చూపు తిరిగిన దిక్కో ఉంటే కన్ను సాఫీగా ముందుకు వెళ్తుంది. 4 × 6 ప్రింట్లను గోడకి అంటించి వారం రోజులు రోజూ చూస్తూ మార్చుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

వీలైతే ఒకసారి మంచి ప్రదర్శన చూసి రండి. 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో జరుగుతోంది. అక్కడ ఒక్కో ఫొటో ముందు కాదు, రెండు ఫొటోల మధ్య నిలబడి, ఇది దాని పక్కన ఎందుకుందో ఆలోచించండి.

ఏడో మెట్టు: సవరింపు

ఏరిన పదిహేనునే సవరించాలి. అరవైనీ సవరిస్తూ కూర్చుంటే సమయం పోతుంది, పైగా కష్టపడి రంగులు దిద్దినందుకే బలహీనమైనదాన్ని ఉంచుకుంటారు. ఫోన్‌లో స్నాప్‌సీడ్, కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, రా థెరపీ, గింప్, అన్నీ ఉచితమే.

క్రమం ఇది: గోడలు, స్తంభాలు నిటారుగా తిప్పడం, అంచుల్లో అనవసరమైనవి కత్తిరించడం, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగు సరిచేయడం), వెలుగు, నీడ, చివర్లో షార్ప్‌నెస్ కొంచెం. వైట్ బ్యాలెన్స్‌కి తెల్ల పంచె, స్టీలు గిన్నె లాంటిది ఫ్రేములో ఉంటే దాన్ని పట్టుకుని సరిచేయండి. చర్మాన్ని తెల్లబరచకండి. మన మనుషుల చామనఛాయ, నలుపు ఎలా ఉన్నాయో అలాగే రావాలి. స్టూడియో అలవాటు ప్రకారం ముఖాలకు వెలుగు పూస్తే చెంపల్లో రూపం పోయి పిండిబొమ్మలవుతాయి.

రెండు ఉచ్చులు జాగ్రత్త. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి సవరిస్తే ప్రింట్ చీకటిగా వస్తుంది, సగానికి తగ్గించి పనిచేయండి. రాత్రి కళ్లకోసం ఫోన్ పసుపు తెర వేసుకుంటుంది, అది ఆపకుండా రంగులు దిద్దితే తెల్లారి చూసేసరికి అన్నీ నీలం తిరిగి ఉంటాయి.

నలుపు తెలుపు చేయాలనిపిస్తే వరస మొత్తాన్ని చేయండి, లేదా ఒక్కదాన్నీ చేయకండి. నూలుకు ముందే రంగులద్ది నేసే ఇకత్ మీద పని చేస్తూ రంగు తీసేస్తే విషయమే పోతుంది.

ఎనిమిదో మెట్టు: ప్రింట్లు, పీడీఎఫ్

ఎదురుగా కూర్చుని చూపించేచోట 8 × 12 ప్రింట్లు తీసుకెళ్లండి, మ్యాట్ కాగితంపై. 300 లెక్కన 2400 × 3600 పిక్సెళ్లు కావాలి. ల్యాబ్‌లో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, “ఆటో కరెక్షన్ వద్దు”, లేకపోతే మీరు దిద్దిన నీడలన్నీ మెషిన్ మళ్లీ వెలిగిస్తుంది. రెండు, “ఫుల్ ఫ్రేమ్, తెల్ల అంచు ఉంచండి”. ఫోన్ ఫొటో నిష్పత్తి 4:3, కాగితం 3:2. మామూలుగా ప్రింట్ చేస్తే 4 × 6లోనే పైనా కిందా కలిపి అరంగుళం దాకా తెగిపోతుంది, సరిగ్గా అక్కడే ఎవరి తల అయినా ఉంటుంది. ముందు ఒక్కటి తీయించి, పగటి వెలుతురులో చూసి, ఆ తర్వాతే మిగతావి ఇవ్వండి. కరిజ్మా ఆల్బమ్‌లో పెట్టే పూల చట్రాలు, మేఘాల నేపథ్యాలు వద్దు. నల్ల ఫోల్డర్‌లో విడి ప్రింట్లు చాలు.

మెయిల్‌లో పంపేదానికి ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో, పొడుగువైపు 2048 పిక్సెళ్లు, జేపీఈజీ నాణ్యత 80 పెట్టి ఎగుమతి చేయండి. పేజీకి ఒకటి చొప్పున అడ్డ పేజీల పీడీఎఫ్ చేస్తే పదిహేనూ కలిపి 10 ఎంబీ దాటకుండా చూసుకోవచ్చు. ఫైలుకి మీ పేరు, ఏడాది ఉండాలి, “ఫైనల్ ఫైనల్ 2” కాదు. ఫొటో మధ్యలో వాటర్‌మార్క్ వేయకండి. పంపేముందు ఆ పీడీఎఫ్‌ను ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి.

ప్రతి ఫొటో కింద ఒకటి రెండు వాక్యాలు: ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ నెల, ఏ ఏడాది. “శ్రమైక జీవన సౌందర్యం” లాంటి పేర్లు వద్దు. “రంగు అద్దాల్సిన నూలుకు చిటికి కడుతున్న నేతకారుడు, భూదాన్ పోచంపల్లి, ఆగస్టు 2025” అని రాస్తే మీకు పని తెలుసని చూసేవాళ్లకు అర్థమవుతుంది. మొదటి పేజీలో మీ గురించి ఐదు వాక్యాలకు మించొద్దు. విషయం ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి, చిన్నప్పటినుంచీ ఫొటోలంటే ప్రాణమని చెప్పనక్కర్లేదు.

ఎవరి ఫొటో ఎవరిది

అసిస్టెంట్‌గా వెళ్లి తీసిన పెళ్లి ఫొటోలను పోర్ట్‌ఫోలియోలో పెట్టడం వల్ల చాలామంది కుర్రాళ్లకు గొడవలొస్తాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మీ చేత్తో మీరు నొక్కినా సరే. కాబట్టి పనికి ఒప్పుకునే రోజే స్టూడియో యజమానిని “నేను తీసినవాటిలో ఒక ఐదు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అన్నా?” అని అడిగి, వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పెళ్లివారి అనుమతి కూడా ఆయన ద్వారానే తీసుకోండి. ఎవరికోసమూ కాక, డబ్బు తీసుకోకుండా మీ అంతట మీరు తీసిన మగ్గం ఫొటోలపై హక్కు మీదే. వేరేవాళ్ల ఫొటో ఒక్కటైనా కలిపితే, ఇంటర్వ్యూలో “ఇది ఏ లెన్స్‌తో, ఎక్కడ నిలబడి తీశావు?” అన్న రెండో ప్రశ్నకే బయటపడిపోతారు.

చూపించే రోజు

ప్రింట్లు బల్లమీద పెట్టి, చూసేవాళ్ల చేతికిచ్చి ఊరుకోండి. పేజీ తిప్పేలోపు వివరించకండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ గబగబా తిప్పారో మనసులో గుర్తుపెట్టుకుని, బయటికి రాగానే నోట్‌బుక్‌లో ఆ నంబర్లు రాసుకోండి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే ఫొటోను గబగబా తిప్పేస్తే దాన్ని తీసేయండి. ఆరునెలలకోసారి పాతవి మూడు తీసి కొత్తవి మూడు చేర్చండి. లెక్క మాత్రం పదిహేను దాటనివ్వకండి. ఏరిన పదిహేనింట్లో ఆ ఇంటివాళ్లున్న ప్రతి ఫొటోకీ ఒక 8 × 12 ప్రింట్ అదనంగా తీయించి, వెనక తేదీ రాసి వాళ్లింట్లో ఇచ్చి రండి.